ముల్లు తేలికైతే రికార్డు భద్రమా? టర్న్‌టేబుల్ అమరిక మొదటి నుంచి

మీ ప్రశ్నలోని విషయం క్లుప్తంగా ఇదీ: ఇంట్లో మూడు వందల దాకా ఎల్పీలు, కొన్ని 45లు, ఓ పది పాత 78లు (నిమిషానికి అన్నేసి చుట్లు తిరిగే రికార్డులు) ఉన్నాయి. బెల్టుతో తిరిగే టర్న్‌టేబుల్ కొన్నారు, మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికని కరెంటుగా మార్చే చిన్న డబ్బా, ఈ రకంలో లోపల కదిలేది అయస్కాంతం) విడిగా తెచ్చి మీరే బిగించారు. రికార్డులు అరిగిపోకూడదని ముల్లు బరువు, అంటే ముల్లు రికార్డుని నొక్కే బరువు, 1 గ్రాముకి తగ్గించారు. ఇప్పుడు ప్రతి వైపూ చివరి పాటలో స, శ, ష అక్షరాలు ఇసుక రాచినట్టు గరగరలాడుతున్నాయి. వెనక జుమ్మని సన్నటి మోత ఉంది. వాల్యూం పెంచితే బాసు ఊగిపోతోంది.

ముందు ఆ 1 గ్రాము సంగతి. మిగతావన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. స్టీరియో రికార్డు గాడికి రెండు గోడలు, ఒక్కోటి 45 డిగ్రీల వాలులో ఉంటుంది. లోపలి గోడ మీద ఎడమ చానల్, బయటి గోడ మీద కుడి చానల్. పాటలో పై స్వరాలు వచ్చినప్పుడు ఆ గోడలు సెకనుకి వేలసార్లు వంకర తిరుగుతాయి. చాలినంత బరువు లేని ముల్లు ఆ వంపుని పట్టుకోలేక గోడని వదిలేసి, మళ్లీ వచ్చి గుద్దుకుంటుంది. ముల్లు వజ్రం, గోడ పీవీసీ. గుద్దిన చోట పడ్డ గంటు ఇక పూడదు. సరైన బరువుతో ముల్లు గోడని అంటిపెట్టుకుని పోతే ప్లాస్టిక్ ఆ క్షణానికి కాస్త నొక్కుకుని మళ్లీ యథాస్థితికి వస్తుంది. అంటే రికార్డుని కాపాడుదామని మీరు చేసిన పనే దాన్ని చెక్కేస్తోంది. ఇంకో నష్టం కూడా ఉంది. ముల్లు అతికించి ఉండే సన్నటి కడ్డీని కాంటిలీవర్ అంటారు. దాని వెనక ఉన్న అయస్కాంతం కాయిళ్ల మధ్య సరైన చోటికి రావాలంటే తయారీదారు చెప్పిన బరువు పడాల్సిందే.

కాబట్టి కార్ట్రిడ్జ్‌తో వచ్చిన కాగితం తీసి చూడండి. అందులో ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం, మధ్యలో సిఫార్సు చేసిన అంకె ఉంటాయి. ఆడియో-టెక్నికా వీఎం95ఈకి 1.8 నుంచి 2.2 గ్రాములు, సిఫార్సు 2.0. ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌కి 1.8. డెనాన్ డీఎల్-103కి 2.5. ఏటీ3600ఎల్‌కి ఏకంగా 3 నుంచి 3.5. ఈ చివరి అంకె చూసి చాలామంది బెదిరిపోతారు గానీ, ఆ కార్ట్రిడ్జ్‌లో కాంటిలీవర్‌ని పట్టి ఉంచే రబ్బరు బిగువుకి అదే తగిన బరువు. సందేహం వస్తే సిఫార్సు అంకె కంటే 0.1 గ్రాము ఎక్కువ పెట్టండి, తక్కువ మాత్రం వద్దు.

ఇక అమరిక కింది నుంచి పైకి చేసుకు రావాలి, ఎందుకంటే ఒక్కో మెట్టూ దాని కిందిదాని మీద ఆధారపడుతుంది. టర్న్‌టేబుల్ పెట్టే బల్ల బరువైనదీ, ఊగనిదీ అయ్యుండాలి. రసమట్టం ప్లాటర్ (రికార్డుని తిప్పే పళ్లెం) మీద పెట్టి ముందుకీ వెనక్కీ ఓసారి, అడ్డంగా ఓసారి చూడండి. బల్లని కాక ప్లాటర్‌నే చూడాలి, ఎందుకంటే మనకి కావలసింది దాని మట్టమే. కాళ్లు తిప్పి సరిచేసే వీలు లేకపోతే బల్ల కాళ్ల కింద పలచటి రేకు ముక్కలు పెట్టండి. మట్టం తప్పితే ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే చెయ్యి) వాలు వైపు జారుతుంది, తర్వాత మీరు పెట్టే యాంటీ-స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి జారకుండా వెనక్కి లాగే ఏర్పాటు) అంకెకి అర్థమే ఉండదు.

మీ బాసు ఊగడం కూడా చాలావరకు ఈ బల్ల దగ్గరే మొదలవుతుంది. స్పీకర్లూ టర్న్‌టేబులూ ఒకే బల్ల మీద ఉంటే స్పీకరు అదురు బల్లలోంచి ముల్లుకి పాకి, ఆంప్లిఫయరులో పెరిగి, మళ్లీ స్పీకరులోకి వస్తుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది. పరీక్ష తేలిక. మోటారు ఆపేసి, కదలని రికార్డు మీద ముల్లు దించి, మామూలుగా వినే వాల్యూంలో ఉంచి బల్లని వేలి కణుపుతో మెల్లగా తట్టండి. స్పీకరులో దడ్‌మని గట్టిగా వినిపించి, ఆ మోత సాగుతూ ఉంటే చోటు మార్చాల్సిందే. స్పీకర్లని వేరే స్టాండ్ల మీదకి దించండి. నేల చెక్కదై అడుగుల అదురు ముల్లుకి తగులుతుంటే గోడకి బిగించిన అర మేలు. మూత బిగించిన పాత మోడళ్లలో మూత కూడా స్పీకరు గాలికి కంపిస్తుంది. వినేటప్పుడు అది తీసి పక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

శబ్దం ఏమీ లేకుండానే బాస్ స్పీకరు కోను ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోందా? అది వేరే జబ్బు. ఆర్మ్ బరువూ కార్ట్రిడ్జ్ రబ్బరు మెత్తదనమూ కలిసి ఒక స్ప్రింగులా ఊగుతాయి. ఆ ఊపు 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే వంగిన రికార్డు ఎగుడుదిగుళ్లకి తగ్గట్టు ఆర్మ్ ఊగుతుంది, ఎక్కువైతే సంగీతంలోకే చొరబడుతుంది. లెక్క ఇలా: ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (ముల్లు దగ్గర తగిలే ఆర్మ్ బరువు), కార్ట్రిడ్జ్, స్క్రూల బరువు గ్రాముల్లో కలిపి, దాన్ని కంప్లయన్స్ (రబ్బరు మెత్తదనం కొలత) అంకెతో గుణించి, వర్గమూలం తీసి, 159ని దానితో భాగించండి. ఆర్మ్ 11, కార్ట్రిడ్జ్ 6.5, స్క్రూలు 1 అనుకుంటే మొత్తం 18.5. కంప్లయన్స్ 15 అయితే వచ్చేది సుమారు 9.5 హెర్ట్జ్, దిగుల్లేదు. ఇక్కడో మెలిక ఉంది. జపాన్ కంపెనీలు కంప్లయన్స్‌ని తరచుగా 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి రాస్తాయి. మనకి కావలసింది 10 హెర్ట్జ్ దగ్గరిది. ఆ అంకెని ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకుని లెక్కలో వేయండి. జోడీ కుదరకపోతే ఫోనో స్టేజ్‌లో (కార్ట్రిడ్జ్ సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగంలో) సబ్‌సోనిక్ ఫిల్టర్ మీట, అంటే చెవికి అందనంత లోతైన ఊపుని ఆపేది, ఉంటే వేసుకోండి.

కార్ట్రిడ్జ్ బిగింపు మళ్లీ ఓసారి విప్పి చూడమంటాను. వెనక నాలుగు పిన్నులు, నాలుగు రంగుల తీగలు ఉంటాయి. ఎర్రది కుడి చానల్, ఆకుపచ్చ దాని గ్రౌండ్. తెల్లది ఎడమ చానల్, నీలం దాని గ్రౌండ్. తీగ చివరి తొడుగు వదులుగా ఉంటే గుండుసూదికి చుట్టూ తేలిగ్గా నొక్కి బిగువు చేసి, చిన్న పట్టకారుతో పిన్నుకి తొడగండి. తీగని పట్టుకుని లాగొద్దు, తొడుగుని పట్టుకోండి. పిన్నులకి టంకం పెట్టే ఆలోచనే వద్దు, ఆ వేడికి లోపలి కాయిల్ తెగిపోతుంది. మూవింగ్ మాగ్నెట్ రకాల్లో ముల్లు భాగం ముందుకి ఊడి వస్తుంది కాబట్టి ఈ పని చేసినంతసేపూ దాన్ని తీసి పక్కన పెట్టేయండి. స్క్రూలు 2.5 మిల్లీమీటర్లవి, రెండు రంధ్రాల మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు. కార్ట్రిడ్జ్ జరపగలిగేంత వదులుగానే ఉంచండి, బిగింపు చివర్లో.

బరువు పెట్టే పద్ధతి: యాంటీ-స్కేటింగ్ సున్నా చేయండి. ముల్లు తొడుగు తీయండి. ఆర్మ్ లిఫ్ట్ దించి, ఆర్మ్‌ని ప్లాటర్‌కి అవతల గాల్లో వదిలి, వెనక కౌంటర్‌వెయిట్ తిప్పుతూ పోండి. త్రాసు ముల్లులా అది నేలకి సమాంతరంగా, ఎటూ వాలకుండా తేలాలి. అప్పుడు కౌంటర్‌వెయిట్ కదలకుండా పట్టుకుని, దాని ముందున్న అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకి తేవాలి. ఆ తర్వాత రెండూ కలిపి కావలసిన అంకె దాకా తిప్పాలి. మీ దగ్గర పొరపాటు జరిగి ఉంటే ఇక్కడే జరిగి ఉంటుంది: చక్రాన్ని విడిగా తిప్పినా అంకె మారుతుంది, బరువు మాత్రం మారదు. 0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ తూకం ఉంటే వెంటనే తేలిపోతుంది. తూకం పీట రికార్డు ఎత్తులోనే ఉండాలి, అది మందంగా ఉంటే ప్లాటర్ మీది మ్యాట్ తీసేసి పెట్టండి. పీట ఇనుముతో చేసినదైతే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం దాన్ని లాగి తప్పు అంకె చూపిస్తుంది.

చివరి పాట గరగరకి బరువు తర్వాత అసలు దోషి కార్ట్రిడ్జ్ కోణం. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. రికార్డు గాడి కోసే యంత్రం తల అంచు నుంచి మధ్యకి తిన్నగా జరుగుతుంది. మన ఆర్మ్ ఒక ఇరుసు చుట్టూ వంపుగా తిరుగుతుంది. అందుకని ముల్లు గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండేది రెండే రెండు చోట్ల. బేర్‌వాల్డ్ అనే ఆయన కట్టిన లెక్క ప్రకారం అవి రికార్డు మధ్య నుంచి 66.0, 120.9 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. మిగతా అన్ని చోట్లా కొద్దిపాటి తప్పు తప్పదు, ఆ తప్పుని పంచడమే అమరిక. తప్పు ఎంతున్నా మొదటి పాటలో చెవికి పట్టదు. ఎల్పీ వేగం, అంటే నిమిషానికి 33⅓ చుట్లలో, అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది. లోపలి చివరకి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే సంగీతం సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి కోణం తప్పు అక్కడ గొంతు విప్పుతుంది.

ఆ రెండు బిందువులూ గీతలూ ఉండే ప్రొట్రాక్టర్ కాగితం ప్రింటు తీస్తే దాని మీద ఇచ్చిన కొలత గీతని స్కేలుతో కొలవండి. ప్రింటరు రెండు శాతం కుదించినా శ్రమంతా వృథా. మధ్య రంధ్రం స్పిండిల్‌కి (ప్లాటర్ నడిమి కడ్డీకి) బిగువుగా పట్టాలి. ముల్లు కొనని బయటి బిందువు మీద దించి, ఎదుటి నుంచి ఒంటి కంటితో చూడండి. కార్ట్రిడ్జ్ డబ్బాని కాక కాంటిలీవర్‌నే గీతలతో పోల్చడం ఉత్తమం. డబ్బా సరిగ్గా ఉన్నా కాంటిలీవర్ ఒక్కోసారి కాస్త పక్కకి ఉంటుంది. తర్వాత లోపలి బిందువు. అక్కడ వంకరగా కనిపిస్తే కార్ట్రిడ్జ్‌ని అర మిల్లీమీటరు ముందుకో వెనక్కో జరిపి, మళ్లీ బయటి బిందువు నుంచి మొదలుపెట్టండి. నాలుగైదు సార్లు అటూ ఇటూ తిరిగితే రెండు చోట్లా కుదురుతుంది. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 లాంటి వాటికి తయారీదారే ఒక కొలత ఇచ్చాడు, హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే ఆర్మ్ తల) వెనక రబ్బరు వాషరు నుంచి ముల్లు కొన దాకా 52 మిల్లీమీటర్లు. అది వేరే లెక్క ప్రకారం కట్టినది, తప్పు కాదు. దాన్నీ బేర్‌వాల్డ్ కాగితాన్నీ కలిపి వాడితేనే చిక్కు. కుదిరాక స్క్రూలు ఒక్కోటీ పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించండి, లేకపోతే బిగింపులోనే కోణం జరిగిపోతుంది. కార్ట్రిడ్జ్ జరిపితే బరువు కూడా మారుతుంది, మళ్లీ తూచండి.

ఎదురుగా కూచున్నారు కాబట్టి నిలువు కూడా చూసేయండి. రికార్డు మీద చిన్న అద్దం ముక్క పెట్టి ముల్లు దించితే, కార్ట్రిడ్జూ అద్దంలో దాని ప్రతిబింబమూ ఒకే నిలువు గీతలా కనిపించాలి. ఒక వైపు వాలితే హెడ్‌షెల్ తిప్పి సరిచేయాలి. ఇక ఆర్మ్ ఎత్తు గురించి జరిగేంత రాద్ధాంతం అక్కర్లేదు. ముల్లు రికార్డు మీద ఉన్నప్పుడు ఆర్మ్ గొట్టం రికార్డుకి సమాంతరంగా ఉంటే చాలు. 230 మిల్లీమీటర్ల ఆర్మ్‌కి వెనక 4 మిల్లీమీటర్లు ఎత్తితే గానీ ఒక్క డిగ్రీ మారదు. 180 గ్రాముల మందపాటి రికార్డుకీ మామూలు రికార్డుకీ తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రికార్డు మార్చినప్పుడల్లా ఎత్తు మార్చాలనే మాట పట్టించుకోకండి. ఎత్తు సర్దే వీలులేని ఆర్మ్‌లో తోక మరీ పైకి లేచి ఉంటే మందపాటి మ్యాట్, మరీ కిందికి ఉంటే పలచటి మ్యాట్ వేయండి.

యాంటీ-స్కేటింగ్‌ని ముల్లు బరువు అంకె దగ్గరే మొదలుపెట్టండి. హెడ్‌షెల్ వంపు వల్ల రాపిడి ఆర్మ్‌ని ఎప్పుడూ లోపలికి లాగుతుంది. యాంటీ-స్కేటింగ్ చాలకపోతే ముల్లు లోపలి గోడకి ఆనుకుని బయటి గోడని వదిలేస్తుంది, అంటే కుడి చానల్ ముందు గరగరలాడుతుంది. ఎడమది ముందు గరగరలాడితే ఎక్కువైనట్టు. గాడుల్లేని నున్నటి డిస్కు మీద ఆర్మ్ కదలకుండా నిలిచేలా సర్దమనే చిట్కా ప్రచారంలో ఉంది. నున్నటి తలం మీది రాపిడీ గాడిలో రాపిడీ ఒకటి కావు, దాన్ని నమ్మొద్దు. చెవినే నమ్మండి.

వేగం చూడ్డానికి ప్లాటర్ అంచున కాగితం ముక్క అతికించి, ముల్లు దించి పాట నడుస్తుండగా లెక్కపెట్టండి: 33⅓లో సరిగ్గా 3 నిమిషాలకి 100 చుట్లు, 45లో నిమిషానికి 45. ముల్లు లేకుండా లెక్కపెడితే రాపిడి బరువు లెక్కలోకి రాదు. నెమ్మదిగా తిరుగుతుంటే ముందు బెల్టు సాగిందేమో, పుల్లీ మీద జిడ్డు ఉందేమో చూడండి. పుల్లీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడవండి. చుక్కలున్న స్ట్రోబ్ కాగితం (వేగం సరిగ్గా ఉంటే కరెంటు దీపం కింద చుక్కలు నిలబడినట్టు కనిపిస్తాయి) వాడితే 50 హెర్ట్జ్ కరెంటుకి 180 చుక్కలది, 60కి 216 చుక్కలది కావాలి. చాలా ఎల్ఈడీ దీపాలు తగినంత మినుకుమనవు, వాటి కింద చుక్కలు నిలబడినట్టు కనిపించవు.

ఇక జుమ్మనే మోత. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. దాన్ని వంద రెట్లు, అంటే 40 డెసిబెల్స్, పెంచి గానీ ఆంప్లిఫయరుకి ఇవ్వలేం. దానితో పాటు ఎక్కడో ఓ ట్రాన్స్‌ఫార్మర్ విడిచిన మోత కూడా వంద రెట్లవుతుంది. ఆర్మ్‌ని స్టాండు మీద ఉంచి వాల్యూం పెంచండి. మోత అలాగే ఉంటే అది కరెంటు సంబంధమైనదే. టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు ఫోనో స్టేజ్ మీది గ్రౌండ్ స్క్రూకి గట్టిగా బిగిసి ఉందా? ఆర్మ్ లోహాన్ని వేలితో తాకితే మోత మారుతోందా? మారితే ఎర్త్ ఎక్కడో తెగింది. ఒక చానల్‌లోనే ఉంటే హెడ్‌షెల్ తీగలో, ఆంప్లిఫయరుకి వెళ్లే ఆర్‌సీఏ ప్లగ్గులో వదులు ఉంది. రెండింటిలో ఉండి, టర్న్‌టేబుల్‌ని ఆంప్లిఫయరుకి దూరం జరిపితే తగ్గితే ట్రాన్స్‌ఫార్మరే కారణం, రెండింటినీ ఎడంగా పెట్టండి. మోత పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయమని చెప్పేవాళ్లుంటారు. ప్రాణం మీదికి వస్తుంది, ఆ పని చేయొద్దు.

ఫోనో స్టేజ్ రెండుసార్లు పడలేదు కదా అని కూడా చూసుకోండి. టర్న్‌టేబుల్ వెనక ఫోనో, లైన్ అని మీట ఉంటే, ఆంప్లిఫయరు ఫోనో సాకెట్‌లోకి పెట్టినప్పుడు మీట ఫోనో వైపు ఉండాలి. రికార్డు గాడి కోసేటప్పుడు బాసు తగ్గించి, పై స్వరాలు పెంచి కోస్తారు. వినేటప్పుడు ఫోనో స్టేజ్‌లోని ఆర్‌ఐఏఏ వక్రరేఖ అనే సవరణ దాన్ని తిరగేస్తుంది. 20 హెర్ట్జ్ దగ్గరా, 20 కిలోహెర్ట్జ్ దగ్గరా ఆ సవరణ సుమారు 20 డెసిబెల్స్. ఒకసారి కూడా జరగకపోతే పాట రేకు డబ్బాలో పాడినట్టు పలచగా, రెండుసార్లు జరిగితే గొంగడి కప్పినట్టు మందంగా ఉంటుంది. మీ బాసులో సగం ఇక్కడిదై ఉన్నా ఆశ్చర్యం లేదు. కేబులు మీటరు, మీటరున్నర మించనివ్వకండి. కేబులు కెపాసిటెన్స్ ఎక్కువైతే కార్ట్రిడ్జ్ కాయిల్‌తో కలిసి పై స్వరాల్లో ఒక గుట్ట లేపుతుంది, స అక్షరం ఇంకా పదునెక్కుతుంది.

78లని ఈ ముల్లుతో ముట్టుకోవద్దు. ఎల్పీ గుండ్రటి ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు, 78 గాడికి కావలసింది 76 దాకా. సన్నది గాడి అడుగున మట్టిలో దొర్లుతూ పోతుంది. మీ కార్ట్రిడ్జ్‌కే 78 ముల్లు విడిగా దొరుకుతుందేమో చూడండి, దాని బరువు వేరే ఉంటుంది. ఆంప్లిఫయరులో మోనో మీట వేస్తే నిలువు అదురంతా రద్దయి సగం గరగర పోతుంది. పాత మోనో ఎల్పీలకీ ఇదే వర్తిస్తుంది. షెల్లాక్ 78లని ఆల్కహాల్ ఉన్న ఏ ద్రవంతోనూ తుడవొద్దు, కరిగిపోతాయి.

ఎల్పీలకి విన్న ప్రతిసారీ ముందు కార్బన్ ఫైబర్ బ్రష్ రెండు చుట్లు. జిడ్డు పట్టినవాటికి డిస్టిల్డ్ నీళ్లలో ఒకటి రెండు చుక్కల వాసన లేని సబ్బు ద్రావణం, గాడి వెంబడే గుండ్రంగా తుడవడం, తర్వాత ఒట్టి డిస్టిల్డ్ నీళ్లతో మరోసారి. కుళాయి నీళ్లు ఆరాక ఉప్పు గాడిలోనే మిగులుతుంది. లేబుల్ తడవకుండా చూడండి. ముల్లుని బ్రష్‌తో వెనక నుంచి ముందుకి మాత్రమే తుడవాలి. అడ్డంగా గాని, ఎదురుగా గాని తుడిస్తే కాంటిలీవర్ వంగుతుంది.

రికార్డులు నిలువుగా ఉండాలి, వాలకూడదు, కిక్కిరిసి ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. అర లోపలి ఎత్తు 33 సెంటీమీటర్లు తగ్గకుండా చూడండి. కవర్లతో కలిపి వంద ఎల్పీలు 20 నుంచి 25 కిలోలు తూగుతాయి. మీ మూడు వందలకీ మామూలు పుస్తకాల అర మధ్యలో వంగుతుంది, అడుగుకో నిలువు పలక కావాలి. పైన వేసే కవరు పాలిథిన్‌ది చాలు. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే రికార్డు మీద పొగ పట్టినట్టు మచ్చ దిగుతుంది.

ముల్లు వయసు గంటల్లో రాసి పెట్టుకోండి. రకాన్ని బట్టి 300 నుంచి 1000 గంటలు, ఎలిప్టికల్ (కోలగా చెక్కిన) ముల్లుది తక్కువ వైపు. ఎల్పీకి 40 నిమిషాలనుకుంటే మీ మూడు వందలూ ఒక్కసారి విన్నా 200 గంటలు అవుతాయి. సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన ముల్లు అయితే దాని వయసు ఎవరికీ తెలియదు, ముందు అదే మార్చండి.

ఇవన్నీ చేశాక రెండు రికార్డులు పెట్టి చూడండి: 1 గ్రాము మీద ఎక్కువసార్లు వాయించినది ఒకటి, అప్పటి నుంచి కవరు విప్పనిది ఒకటి. రెండోదాని చివరి పాట శుభ్రంగా ఉండి మొదటిది ఇంకా గరగరలాడితే, మీ అమరిక సరిపోయింది. మొదటిదానిలో ఉన్నది గోడ మీద పడ్డ గంటు, దాన్ని ఇక ఏ అంకె మార్చినా తీయలేం.